ఇల్లు మారినా పిల్లల స్కూలు మారకూడదంటే

అమెరికా వచ్చిన రెండు మూడేళ్లకి చాలామంది ఇల్లు మారతారు. సామాను సర్దడం మొదలుపెట్టాక పిల్లల స్కూలు గుర్తొచ్చి టెన్షన్ పడతారు. ఇక్కడ పబ్లిక్ స్కూల్లో, అంటే ప్రభుత్వ బడిలో, సీటు ఇచ్చేది ఇంటి అడ్రస్‌ని బట్టి. పాత స్కూల్లోనే కొనసాగించే దారులున్నాయి గానీ, కొత్త లీజు మీద సంతకం పెట్టకముందే వాటిని కనుక్కోవాలి.

కొత్త ఇల్లు ఏ స్కూల్ డిస్ట్రిక్టులో (ఆ ప్రాంతపు పబ్లిక్ స్కూళ్లని నడిపే సంస్థ పరిధిలో) ఉందో ముందు తేల్చుకోండి. ఊరి పేరు చూసి నమ్మొద్దు. టెక్సస్‌లో ప్లేనో ఊళ్లోని కొన్ని ఇళ్లు ఫ్రిస్కో ఐఎస్‌డీ (ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్టు) కిందికి వస్తాయి. కాలిఫోర్నియాలో శాన్ హోసేలో కొంత భాగం కూపర్టినో యూనియన్ డిస్ట్రిక్టుది. అదీ ఎనిమిదో తరగతి వరకే, హైస్కూలుకి డిస్ట్రిక్టు వేరు. డిస్ట్రిక్టు వెబ్‌సైట్లో అడ్రస్ కొట్టి చూసుకోవడమే మంచిది.

అదే డిస్ట్రిక్టు అయితే ట్రాన్స్‌ఫర్ ఫారం పెట్టండి, క్లాసులో ఖాళీ ఉంటే చాలాసార్లు ఒప్పుకుంటారు. వేరే డిస్ట్రిక్టు అయితే రాష్ట్రాన్ని బట్టి నడుస్తుంది. కాలిఫోర్నియాలో ఇంటర్‌డిస్ట్రిక్ట్ పర్మిట్ కావాలి: పిల్లల్ని వదలడానికి మీరుండే డిస్ట్రిక్టు, తీసుకోవడానికి వాళ్లు చదివే డిస్ట్రిక్టు ఒప్పుకోవాలి. కాదంటే 30 రోజుల్లోపు కౌంటీ విద్యా బోర్డుకి అప్పీలు చేసుకోవచ్చు. పర్మిట్ మీద చదివే పిల్లలు పదో తరగతి దాటాక దాన్ని రద్దు చేయడానికి వీల్లేదు. టెక్సస్‌లో బయటివాళ్లని తీసుకునే విషయంలో ఏ డిస్ట్రిక్టు పాలసీ దానిదే.

చివరికి చాలామంది అనుకునేది, ఫ్రెండు అడ్రస్ ఇచ్చేద్దామని. దయచేసి ఆ పని చేయకండి. టెక్సస్‌లో అడ్మిషన్ కోసం తప్పుడు వివరాలిస్తే నేరం, పైగా చదివినందుకు డిస్ట్రిక్టు మీతో ఫీజు కట్టించుకోవచ్చు. న్యూజెర్సీలో అర్హత లేకుండా చదివిన రోజులకి లెక్కగట్టి వసూలు చేసే అధికారం స్కూలు బోర్డుకుంది. వీసా మీద ఉన్నవాళ్లం, అబద్ధపు కాగితం మీద సంతకం మనకెందుకు? ఇంకా బాధ కలిగించేది, ఇల్లెక్కడని టీచరు అడిగినప్పుడు ఎనిమిదేళ్ల పిల్ల అమ్మ వైపు చూడాల్సి రావడం.

పర్మిట్ వచ్చినా సాధారణంగా బస్సు రాదు. ఒక ఉదయం బడి వేళకి కొత్త ఇంటి నుంచి కారు వేసుకుని వెళ్లి, గేటు దగ్గర కార్ల వరసలో నిలబడి చూడండి. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే మధ్యాహ్నం పికప్ ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోవాలి. నా మటుకు, ప్రైమరీ పిల్లలైతే కొత్త స్కూలుకే ఓటు. వాళ్లు త్వరగా కలిసిపోతారు. పదకొండు, పన్నెండు చదివేవాళ్లని మాత్రం కదపకుండా ఉండటానికి చేయగలిగినంతా చేయండి.

ఒక సంగతి మనవాళ్లు సిగ్గుపడి అడగరు. లేఆఫ్‌లో ఉద్యోగం పోయి, అద్దె కట్టలేక తెలిసినవాళ్ల ఇంట్లో సర్దుకుంటున్నారా? మెకిన్నీ-వెంటో అనే ఫెడరల్ చట్టం అలాంటివాళ్ల కోసమూ ఉంది. పిల్లలకి మేలనుకుంటే పాత స్కూల్లోనే ఉంచొచ్చు, అడిగితే రవాణా ఏర్పాటు కూడా డిస్ట్రిక్టే చేయాలి. దీన్ని చూసుకోవడానికి ప్రతి డిస్ట్రిక్టులో లియేజాన్ అనే ఒక అధికారి ఉంటారు, స్కూలు ఆఫీసులో అడిగితే చెప్తారు. మధ్యలో మీకు ఇల్లు దొరికినా ఆ ఏడాది చివరిదాకా ఆ స్కూల్లోనే చదవనివ్వాలి.