అన్నయ్య పట్టుకుంటే చెయ్యి విడిపించుకోలేకపోయా, నేర్చుకున్నదంతా వేస్టేనా?

ప్రశ్న: సార్, నేను బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటా. హైటు ఐదడుగులు, బరువు 46 కేజీలు. సెకండ్ షిఫ్ట్ అని భయమేసి నాలుగు నెలల్నుంచి సెల్ఫ్ డిఫెన్స్ క్లాసుకి వెళ్తున్నా. మొన్న మా అన్నయ్య ఒంగోలు నుంచి వస్తే చెయ్యి గట్టిగా పట్టుకోమన్నా, ఎంత గింజుకున్నా రాలేదు, వాడు 82 కేజీలు ఉంటాడు. టెక్నిక్ ఉంటే సైజుతో పని లేదని క్లాసులో చెప్పారు. మానేయనా?

జవాబు: మానొద్దమ్మా. కానీ సైజుతో పని లేదన్న మాట మాత్రం నమ్మొద్దు, అలా చెప్పేవాళ్లని చూస్తే నాకు నిజంగా కోపమొస్తుంది, ఆ ధైర్యంతో ఎవరైనా పిల్ల ఎదురుతిరిగితే ఎవరు బాధ్యులు? 1964 టోక్యో ఒలింపిక్స్‌లో బరువుతో సంబంధం లేని ఓపెన్ కేటగిరీ జూడో ఫైనల్లో ఆరున్నర అడుగుల డచ్ ఆయన ఆంటన్ గీసింక్, జపాన్ కమినాగాని వాళ్ల దేశంలోనే కింద అదిమిపెట్టి గెలిచాడు. ఇద్దరికీ విద్య వచ్చినప్పుడు మొగ్గు ఒళ్లున్నవాడి వైపే. ఇంకోటీ ఉంది, 1994లో యూఎఫ్‌సీ 4 అని, ఏ విద్య వచ్చినవాళ్లైనా తలపడే ఫైటింగ్ పోటీ ఫైనల్లో 80 కేజీల రాయిస్ గ్రేసీ తనకంటే ముప్పై కేజీలకి పైనే ఎక్కువున్న రెజ్లర్ డాన్ సెవెర్న్ కింద పావుగంట నలిగి ఆఖరికి కాళ్లతో మెడ బిగించి గెలిచాడు, కానీ ఆయనకి చిన్నప్పట్నుంచీ ఇంట్లో అదే పని, మన నాలుగు నెలలు దానికి సాటి రావు.

ఇక నీ చెయ్యి సంగతి. నువ్వు వెనక్కి లాగి ఉంటావు, అంటే అన్నయ్య నాలుగు వేళ్లతో నీ భుజం ఒక్కటీ కొట్లాడిందన్నమాట. పట్టులో బలం తక్కువుండేది బొటనవేలు మిగతా వేళ్లని కలిసే చోట. నీ మణికట్టు సన్నటి అంచు ఆ సందు వైపు తిప్పి, ఒక అడుగు అతని వైపే వేసి, మోచెయ్యి మడిచి ఒళ్లంతా కలిపి ఒక్క కుదుపు కుదపాలి. అప్పుడూ రాకపోతే నీ పిడికిలిని రెండో చేత్తో పట్టుకుని లాగు. పైగా అన్నయ్య ముందే తెలిసి బిగించుకుని ఉన్నాడు, రోడ్డు మీద వాడికి అది తెలియదు, ముందు గట్టిగా అరిచి మోకాలి కింద ఎముక మీద బూటుతో తన్నావంటే పట్టు ఒక్క క్షణం సడలుతుంది. నీకు కావాల్సింది ఆ క్షణమే, గెలవడం కాదు, వెలుతురున్న షాపు దాకా పరిగెత్తి 112కి ఫోన్ చేయడం. తన్నితే కేసవుతుందేమోనని ఆగొద్దు, భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే, అవసరానికి మించి కొట్టకూడదు అంతే.

బలం కూడా పెంచుకో, క్లాసు లేని రోజుల్లో డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి బరువు ఎత్తడం), రాడ్ పట్టుకుని వేలాడటం, మెట్ల మీద పరుగు. క్లాసులో పార్ట్‌నర్ మొహమాటానికి వదిలేస్తుంటే ఒప్పుకోవద్దు.

అన్నయ్య ఊరెళ్లేలోపు రోజూ పదిసార్లు పట్టుకోమను, ముందు సగం బలంతో, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ. ఎక్కడ ఆగిపోతున్నావో నాకు మళ్లీ రాయి.