జెనీవాకు అప్లై చేసే ముందు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిత్తూరు

హారికా,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "కెమిస్ట్రీ చదివిన పిల్ల ఆయుధాల ఆఫీసులో చేరతానంటోంది వదినా, నువ్వైనా చెప్పు" అని ఒకటే టెన్షన్. ఆయుధాలు ఎలా తగ్గించాలో, మాట ఇచ్చిన దేశం నిలబెట్టుకుంటోందో లేదో ఎలా కనిపెట్టాలో చదివి రాసే ఐక్యరాజ్యసమితి ఆఫీసు అది, జెనీవాలో ఉంటుంది అని సర్దిచెప్పాను. పనంతా కాగితాల మీదే అన్నాక కాస్త నెమ్మదించింది. ఇక నీతో చెప్పాల్సినవి ఉన్నాయి.

ముందుగా డబ్బు విషయం. తిరుపతిలో ఎవరో కన్సల్టెన్సీవాళ్లు అరవై వేలు కడితే జెనీవాలో ఇంటర్న్‌షిప్ ఖాయం చేస్తామన్నారట. ఒక్క రూపాయి ఇవ్వొద్దు. ఐక్యరాజ్యసమితి దరఖాస్తుకు గానీ, ఇంటర్వ్యూకు గానీ, శిక్షణకు గానీ ఫీజు తీసుకోదు. తీసుకుంటామన్నవాడు మోసగాడే. నువ్వు చెప్పిన నిరాయుధీకరణ పరిశోధన సంస్థ, యునిడిర్, 1980 నుంచీ ఉంది. ఐరాస కిందిదే అయినా స్వతంత్రంగా పనిచేస్తుంది. దాని ఖర్చు ఎక్కువగా దేశాలు ఇష్టపడి ఇచ్చే విరాళాలతో నడుస్తుంది. అందుకే అక్కడి కొలువులు చాలావరకు ప్రాజెక్టుతో వచ్చి ప్రాజెక్టుతో పోతాయి. ప్రభుత్వ ఉద్యోగంలా పింఛను దాకా లాక్కెళ్లే పని కాదని ముందే తెలిసి ఉండటం మంచిది.

ఇంటర్న్‌షిప్ ప్రకటనలో జీతం గురించిన వాక్యం మొదట చదువు. ఐరాస సచివాలయం ఇంటర్న్‌షిప్‌లకు జీతం ఉండదు. విమానం, వీసా, బస, బీమా అన్నీ మనవే. జెనీవా అద్దెలు చాలా ఎక్కువ. 2015లో ఒక కుర్రాడు అక్కడ టెంటులో ఉంటూ ఇంటర్న్‌షిప్ చేస్తున్నాడని ప్రపంచమంతా పేపర్లలో వచ్చింది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మా అమ్మ గాజులు బ్యాంకులో పెట్టాం. వాటిని విడిపించడానికి నాలుగేళ్లు పట్టింది. నీ చేత ఆ పని చేయించను. జీతమిచ్చే జూనియర్ అవకాశాలు కూడా అప్పుడప్పుడూ పడుతుంటాయి, వాటి కోసం కాచుకో. ఈలోగా ఢిల్లీలో ఎంపీ ఐడీఎస్ఏ అనే రక్షణ అధ్యయన సంస్థ ఉంది, బెంగళూరులో నియాస్ అనే పరిశోధన సంస్థ ఉంది. రెండుచోట్లా భద్రతా విషయాల మీద పరిశోధన జరుగుతుంది. బెంగళూరు మనకు పక్కూరే కదా, వెళ్లి అడిగి రా.

నువ్వు పంపిన దరఖాస్తు ఉత్తరం చదివాను. అశోకుడితో మొదలై హిరోషిమా మీదుగా ప్రపంచశాంతి దగ్గర ఆగింది. నా మొదటి దరఖాస్తూ అచ్చం ఇలాగే ఉండేది, నాలుగు పేజీలు. జవాబే రాలేదు. శాంతి కావాలని అందరూ రాస్తారు. నీకు ఏ పని చేతనవునో అందులో ఎక్కడా లేదు.

నీ చేతిలో ఉన్నది కెమిస్ట్రీ. దాంతోనే మొదలుపెట్టు. రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం 1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చింది. అందులో రెండో అధికరణం తీసి, "రసాయన ఆయుధం" అంటే ఏమిటో చెప్పే వాక్యాన్ని పది సార్లు చదువు. విషపదార్థాలూ, వాటి ముడిసరుకులూ అన్నీ ఆయుధాలే అంటుంది. ఒప్పందం నిషేధించని పనుల కోసం అయితే తప్ప, అంటుంది. అక్కడితో ఆగదు: ఆ పదార్థాల రకమూ, పరిమాణమూ ఆ పనికి తగ్గట్టు ఉన్నంతవరకే, అని మెలిక పెడుతుంది. ఆ చివరి ముక్కలోనే ప్రాణమంతా ఉంది.

నువ్వు నోట్సు రాసుకునే బాల్‌పెన్ చూడు. థయోడైగ్లైకాల్ అనే పదార్థాన్ని ఇంకుల్లోనూ, బట్టల అద్దకంలోనూ వాడతారు. మస్టర్డ్ వాయువు అనే రసాయన ఆయుధానికీ అదే ముడిసరుకు. మరి దాన్ని నిషేధిద్దామా? అద్దకంవాడి పొట్ట కొట్టినట్టవుతుంది. వదిలేద్దామా? రేపు ఎవడో డ్రమ్ములకొద్దీ దాచుకుంటాడు. అందుకని ఆ ఒప్పందం కింద లెక్క అడుగుతారు. ఆ పదార్థం ఏడాదికి 1 టన్ను దాటితే ఆ ఫ్యాక్టరీ వివరాలు ప్రకటించాలి, 10 టన్నులు దాటితే తనిఖీకి ఒప్పుకోవాలి. నగరి వైపు అద్దకం పని నువ్వు చిన్నప్పటి నుంచీ చూశావు కదా. ఒక చిన్న యూనిట్ యజమానికి ఇలాంటి లెక్కలు ఎంత భారం, తనిఖీకి వచ్చినవాడు ఏ రిజిస్టరు అడుగుతాడు, ఏది చూసి అనుమానపడతాడు? దాని మీద రెండు పేజీలు రాయి. అలాంటి రెండు పేజీలు పెట్టి పంపాకే నాకు మొదటిసారి పిలుపొచ్చింది.

ఒక్క జాగ్రత్త, దీన్ని మాత్రం ఎప్పుడూ దాటొద్దు. ఏదైనా ఎలా తయారవుతుందో నీ రాతలో ఉండకూడదు. చట్టం, తనిఖీ, లెక్కలు, అంతే. పాఠకుడు ఎవరో మనకు తెలియదు.

రసాయన ఆయుధాల నిల్వలన్నీ పోయాయి కదా, ఇంకేం పని ఉంటుందని అడిగావు. నిజమే, మన దేశం 2009లోనే తనవి ధ్వంసం చేసేసింది. 2023 జూలైలో అమెరికా కూడా ముగించడంతో దేశాలు ప్రకటించిన నిల్వలన్నీ అయిపోయాయి. కానీ సిరియాలో ఈ ఆయుధాలు వాడారు, మనుషులు చచ్చిపోయారు. ఆ ఫొటోలు చూసిన రోజు నాకు అన్నం దిగలేదు. ప్రకటించని నిల్వలను, కొత్త పదార్థాలను ఎవరో ఒకరు ఓపికగా వెంటాడాలి. అందుకే నువ్వు ఈ దారిలోకి వస్తానంటే నాకు ఇంత సంతోషం.

ఫ్రెంచి ఇప్పుడే మొదలుపెట్టు. రోజుకు అరగంట చాలు. పాస్‌పోర్టుకు తిరుపతిలోనే సేవా కేంద్రం ఉంది, ఈ నెలలోనే పని కానివ్వు.

ఆ రెండు పేజీలు చేత్తో రాసినా సరే, వచ్చే ఆదివారం తీసుకురా. పొద్దున బస్సెక్కితే టిఫిన్ వేళకు ఇక్కడుంటావు. మీ అమ్మనూ తీసుకురా, ఎదురుగా కూర్చుని మాట్లాడితే తన భయం పోతుంది.

మీ అత్త