బాడుగ కట్టరు, ఖాళీ చేయరు: తాళం వేసేయొచ్చా?

ప్రశ్న: నెల్లూరు వేదాయపాలెంలో మాకు రెండంతస్తుల ఇల్లుంది. పై పోర్షన్ మా ఆయన ఉన్నప్పుడు 11 నెలల అగ్రిమెంటు మీద బాడుగకిచ్చారు. ఆయన పోయాక మళ్ళీ రాయించుకోలేదు. ఏడు నెలలుగా బాడుగ లేదు, కరెంటు బిల్లూ నేనే కడుతున్నా. గట్టిగా అడిగితే ‘ఇన్నేళ్ళు ఉన్నాం, ఇల్లు మాదే అవుతుంది’ అంటున్నారు. వాళ్ళు ఊరెళ్ళినప్పుడు కరెంటు తీయించి తాళం వేసేయమని మా మరిది అంటున్నాడు. వేయొచ్చా? (ఒక పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా. తాళం జోలికి అసలు పోవద్దు, మీ మరిదిగారికి కూడా ఖచ్చితంగా చెప్పండి. ఈరోజు న్యాయం పూర్తిగా మీ వైపుంది, తాళం వేసిన రోజు అది వాళ్ళ చేతికి పోతుంది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద, బలవంతాన బయటికి పోవాల్సి వచ్చిన మనిషి ఆరు నెలల్లోపు కేసు వేస్తే ఇల్లు ఎవరిదన్నది చూడకుండానే కోర్టు వాళ్ళను మళ్ళీ లోపల కూర్చోబెట్టగలదు. కరెంటు, నీళ్ళు ఆపడం కూడా అంతే. కరెంటు కనీస అవసరమని, ఓనరు ఒప్పుకోలేదన్న కారణంతో బాడుగకున్నవాళ్ళకు కనెక్షన్ కాదనకూడదని 2022లో సుప్రీంకోర్టే చెప్పింది. అందుకే కష్టమైనా బిల్లు కట్టేసి రసీదులు దాచండి, ఆ డబ్బు బాకీతో కలిపి అడుగుదాం.

‘ఇల్లు మాదే’ అన్న మాటకు టెన్షన్ పడకండి. బాడుగకు దిగిన మనిషి ఎన్నేళ్ళున్నా బాడుగ మనిషే, తనను లోపలికి రానిచ్చిన ఓనరు హక్కునే కాదనడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. ఇల్లు మీ ఆయన పేరున ఉండిపోయిందని కూడా దిగులొద్దు, వారసుల్లో ఒక్కరు కేసు వేసినా నడుస్తుంది, కాకపోతే నోటీసులో మీ పిల్లల పేర్లు కూడా చేర్పించండి, ఆ వంకతో వాయిదాలు లాగకుండా ఉంటారు.

అసలు పని నోటీసుతోనే మొదలు. అగ్రిమెంటు గడువు అయిపోయాక కూడా బాడుగ తీసుకుంటూ వచ్చారు కాబట్టి ఇప్పుడది నెలనెలా బాడుగ కింద లెక్క. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసు చాలు, ఆ రోజులు వాళ్ళకు అందిన రోజు నుంచి లెక్కపెట్టాలి. లాయర్ ద్వారా, అందినట్టు రుజువు మిగిలేలా స్పీడ్ పోస్టులో పంపండి. తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరు చించకండి, వాళ్ళు కాదన్నారని రాసి వెనక్కొచ్చిన ఆ కవరే రేపు కోర్టులో మీకు సాక్ష్యం.

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. నోటీసు పోగానే వాళ్ళు వచ్చి ఒక నెల డబ్బు చేతిలో పెడతారు, మనం పాపమని తీసుకుంటాం, తర్వాత ‘నోటీసు రద్దయింది, మళ్ళీ బాడుగకు ఒప్పుకున్నారు’ అని కోర్టులో వాదిస్తారు. డబ్బు తీసుకోవద్దనట్లేదు, మీకు రావాల్సిందే. కానీ బ్యాంకులో వేయమని చెప్పి, ‘పాత బాకీ కింద మాత్రమే తీసుకున్నాను, ఖాళీ చేయమన్న నోటీసు అలాగే ఉంది’ అని రాతపూర్వకంగా పంపండి.

పోలీసుల దగ్గరికి వెళ్తే ఇది సివిల్ తగాదా అంటారు, బాడుగవాళ్ళు బెదిరిస్తేనో చెయ్యి చేసుకుంటేనో మాత్రం తప్పక ఫిర్యాదు ఇవ్వండి.

నోటీసు గడువు దాటినా కదలకపోతే దావాకు ముందు ఒక దారి ఉంది, నాకు బాగా నచ్చిన దారి. నెల్లూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయర్‌ను ఇస్తారు, హెల్ప్‌లైన్ 15100. ఇద్దరినీ పిలిచి మాట్లాడిస్తారు. రెండు నెలల్లో ఖాళీ చేస్తామని వాళ్ళు ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో అవార్డు, అంటే రాజీ తీర్పు, రాయించుకోండి, అవసరమైతే ఒక నెల బాకీ వదులుకున్నా నష్టం లేదు. ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. మాట తప్పితే కొత్త కేసు అక్కర్లేదు, నేరుగా అమలుకు వెళ్ళొచ్చు.

వాళ్ళు రాకపోతే దావానే. ఖాళీతో పాటు బాకీ, ఖాళీ చేసే రోజు దాకా నష్టపరిహారం, అన్నీ ఒకే దావాలో అడగండి. బాడుగ బాకీకి మూడేళ్ళ గడువుంది కాబట్టి మరీ ఆలస్యం చేయొద్దు. అడ్వాన్సు ఎంత తీసుకున్నారో, దాన్ని బాకీలో పట్టుకుంటున్నారో లేదో నోటీసులోనే రాయించండి. రాయకపోతే బాకీకి అడ్వాన్సు సరిపోయిందనే మొదట వాదిస్తారు.