ఇష్టపడి వచ్చినవారికి కూడా వెట్టి తప్పకపోవచ్చు

విదేశంలో కొత్తగా పనిలో చేరినవారు తరచుగా అడిగే సందేహం ఒకటి ఉంది. "నేను ఇష్టపడే వచ్చాను, వీసా సక్రమంగానే ఉంది, ఒప్పందం మీద సంతకం కూడా పెట్టాను, అలాంటప్పుడు నాకు జరిగేది మానవ అక్రమ రవాణా ఎలా అవుతుంది?" అని. అవుతుంది. 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పాలెర్మో ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఈ నేరంలో మూడు అంశాలను చూస్తుంది: మనిషిని పనికి కుదుర్చుకోవడం, తరలించడం, ఆశ్రయం ఇవ్వడం వంటి చర్య, అందుకు వాడిన బెదిరింపు, మోసం, లేదా ఎదుటివారి నిస్సహాయతను ఆసరాగా తీసుకోవడం, చివరగా, దోపిడీ చేయాలన్న ఉద్దేశం. మోసంతోనో బెదిరింపుతోనో రాబట్టిన అంగీకారం చెల్లదని ఆ ప్రోటోకాల్ స్పష్టంగా చెబుతుంది. పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో మోసం జరిగిందని చూపవలసిన అవసరం కూడా లేదు.

దొంగదారిన సరిహద్దు దాటించడం వేరే నేరం. అది దేశ చట్టాన్ని ఉల్లంఘించడం. మానవ అక్రమ రవాణా అంటే మనిషిని దోచుకోవడం. సరిహద్దు దాటకుండానే, ఒకే ఊరిలో కూడా ఈ దోపిడీ జరగవచ్చు. ఆధునిక బానిసత్వం అన్నది ఇంకా విశాలమైన మాట. వెట్టిచాకిరి, అప్పు కింద కట్టిపడేయడం, బలవంతపు పెళ్లి అన్నీ అందులోకి వస్తాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ మరి రెండు సంస్థలతో కలిసి 2022లో వెలువరించిన అంచనా ప్రకారం, 2021లో ఏ రోజు చూసినా సుమారు 4.96 కోట్ల మంది ఈ స్థితిలో ఉన్నారు, వారిలో 2.76 కోట్ల మందిది వెట్టిచాకిరి, 2.2 కోట్ల మందిది బలవంతపు పెళ్లి.

తాళాలు, కాపలా, దెబ్బలు ఉంటేనే బానిసత్వమని చాలామంది అనుకుంటారు. చాలావరకు ఈ దోపిడీ అవి లేకుండానే నడుస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే తలుపు తెరిచి ఉన్నా మనిషిని కదలనివ్వని శక్తి అప్పుకు ఉంది. ఏజెంటుకు కట్టిన రుసుము, టికెట్టు ఖర్చు, వసతి, భోజనం అన్నీ కార్మికుడి ఖాతాలో రాసి, జీతంలోంచి కోసుకుంటూ, లెక్క మాత్రం చూపించరు. నెల గడిచేసరికి బాకీ తగ్గవలసింది పోయి పెరుగుతుంది. అప్పు తీసుకున్నంత మాత్రాన అది వెట్టి కాదు. చేసిన పని విలువను న్యాయంగా బాకీ కింద జమ చేయకపోయినా, ఎంతకాలం ఎలాంటి పని చేయాలో హద్దు లేకపోయినా అది అప్పు కింద వెట్టి అవుతుందని బానిసత్వ నిర్మూలనపై 1956 నాటి ఐక్యరాజ్యసమితి అనుబంధ ఒప్పందం నిర్వచించింది. కనుక బాకీ ఎంత, నెలకు ఎంత తగ్గుతోంది, ఎప్పటికి తీరుతుంది అని అడిగి చూడండి. ఈ మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఇవ్వని యజమానిని అనుమానించడంలో తప్పు లేదు.

పాస్‌పోర్టు సంగతి మరొకటి. "భద్రంగా ఉంచుతాం" అంటూ తీసుకుని, అడిగితే తిరిగి ఇవ్వకపోవడం వెట్టిచాకిరికి అంతర్జాతీయ కార్మిక సంస్థ చెప్పిన పదకొండు సూచనల్లో ఒకటి. జీతం ఆపడం, కదలికలపై ఆంక్షలు, పోలీసులకు పట్టిస్తామన్న బెదిరింపు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 1967 నాటి మన పాస్‌పోర్టుల చట్టం ప్రకారం భారత పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. దాన్ని అట్టిపెట్టుకునే హక్కు యజమానికి లేదు. దాని ఫొటోను, ఒప్పందం ప్రతిని, జీతం రసీదులను మీరు నమ్మే మనిషికి ముందే పంపి ఉంచడం మంచిది.

మనవాళ్లలో చెప్పుకోవడానికి ఇబ్బందిపడే విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. దోచుకునేవాడు ఎప్పుడూ పరాయివాడే కానక్కర లేదు. పిల్లలను చూసుకోవడానికని దూరపు బంధువును పిలిపించి, జీతం ఇవ్వకుండా, సెలవు లేకుండా, బయటివారితో మాట్లాడనివ్వకుండా ఇంటిపని చేయించడం బంధుత్వం వల్ల న్యాయమైపోదు. ఇంటి పనివారికి వారపు విశ్రాంతి ఉండాలని, వారి పత్రాలు వారి దగ్గరే ఉండాలని 2011 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చెబుతుంది. ఇంట్లో మనిషే కదా అన్న మాట ఆ హక్కులకు అడ్డు కాకూడదు.

ఎవరి విషయంలోనైనా అనుమానం కలిగితే యజమానిని నిలదీయకండి. మీరు వెళ్లిపోయాక దాని ఫలితం ఆ మనిషి అనుభవించవలసి వస్తుంది. వీలైతే ఒంటరిగా, వారి భాషలోనే మాట్లాడండి. ఏజెంటును గానీ యజమాని తరపు మనిషిని గానీ దుబాసీగా పెట్టుకోకండి. ప్రాణాపాయం ఉంటే పోలీసులకు, లేకపోతే బాధితుల సహాయవాణికి, మన రాయబార కార్యాలయానికి చెప్పాలి. వీసా పోతుందన్న భయమే చాలామందిని నోరు విప్పనివ్వదు. అయితే అమెరికాలో టీ వీసా వంటి రక్షణ బాధితుల కోసమే ఉంది; ఇతర దేశాల్లో నియమాలు వేరు గనుక, ఏ సంతకం పెట్టే ముందైనా ఉచిత న్యాయ సహాయం ఇచ్చే సంస్థను అడగడం మేలు.