పేరు మార్చమంటే పగబట్టినట్టేనా?

మాది విశాఖ, మద్దిలపాలెం. రుషికొండలో ఉద్యోగం. రాత్రిళ్లు కూర్చుని తెలుగు టైపింగ్‌కి చిన్న ప్రోగ్రాం రాసి, ఎవరైనా కోడ్ చూసి మార్చుకునేలా ఓపెన్ సోర్స్‌గా అందరికీ ఇచ్చాను. మా పాప పేరు పెట్టుకున్నాను. అదే పేరుతో ముందునుంచీ ఉన్న ప్రాజెక్టువాళ్లు ఇప్పుడు పేరు మార్చమంటున్నారు. వాళ్లలో ఒకడు 'దొంగ' అని కూడా రాశాడు. మెసేజీలు జత చేశాను. నిద్ర పట్టడం లేదు. 'ప్రోగ్రాం పేరే కదా, మార్చెయ్యండి' అన్నందుకు నా భార్య మీద అరిచాను. అంతా తీసేద్దామనిపిస్తోంది.
- ఓ పాఠకుడు, విశాఖపట్నం

ముందు ఆ తీసేసే ఆలోచన మానుకోండి. 2016 మార్చిలో, ప్రోగ్రామర్లు తమ కోడ్ ముక్కల్ని (ప్యాకేజీల్ని) పంచుకునే ఎన్‌పీఎంలో ఇలాంటి పేరు తగాదాతోనే ఒళ్లుమండి, ఒక డెవలపర్ తన ప్యాకేజీలన్నీ తీసేశాడు. వాటిలో 11 లైన్ల 'లెఫ్ట్‌ప్యాడ్' ఒకటి. దాని మీద ఆధారపడ్డ ఎన్నో ప్రాజెక్టులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఆ గొడవ ఏమిటో కూడా తెలియనివాళ్లు ఇబ్బంది పడ్డారు. మీ ప్రోగ్రాంతో రోజూ టైపు చేసుకునేవాళ్లు మీకేం అన్యాయం చేశారు?

మెసేజీలు చదివాను. పేరు మార్చమన్న పెద్దమనిషి రాసింది రెండు ముక్కలే: జనం పొరపాటున మీది దించుకుని మమ్మల్ని సాయం అడుగుతున్నారు, దయచేసి మార్చండి. పలకరింపు లేదు, మీ పని బాగుందన్న మాటా లేదు. కుశలం అడిగాకే పని మాటెత్తే అలవాటున్న మనకు అది కటువుగానే తగులుతుంది. కానీ అందులో పగ కనిపించలేదు నాకు. 'దొంగ' అన్నవాడి సంగతి వేరు. అది అవమానమే, మీరు ఊహించుకున్నది కాదు. వాళ్ల ప్రాజెక్టుకి ప్రవర్తనా నియమాలుంటే ఆ ఒక్క మాట చూపించి ఫిర్యాదు చెయ్యండి. ఓపెన్ సోర్స్‌లో ఇవన్నీ మామూలే, పడాలి అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లైనక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ అంతటివాడే 2018లో తన దురుసు మాటలకు అందరి ముందూ క్షమాపణ చెప్పుకున్నాడు. మీరు చేసిన పొరపాటల్లా ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టడం.

పేరు మార్చండి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ పేరు మొదట ఫీనిక్స్. ట్రేడ్‌మార్క్ చిక్కొచ్చి 2003లో ఫైర్‌బర్డ్ అయింది. ఆ పేరుతో అప్పటికే ఉన్న డేటాబేస్ ప్రాజెక్టువాళ్లు గట్టిగా అడ్డుచెప్పాక, 2004లో ఇప్పటి పేరొచ్చింది. రెండుసార్లు పేరు మారినా వాడేవాళ్లు వాడుతూనే ఉన్నారు. ఆ పెద్దమనిషికి మర్యాదగా రాసి ఒక నెల గడువు అడగండి. పాత పేరుతో వెతికేవాళ్లకి కొత్తది ఎక్కడుందో తెలిసేలా ఒక లైను వదలండి. ప్రోగ్రాంతో పాటు ఉండే పరిచయ పత్రం, రీడ్‌మీ పైన 'మా పాపకు' అని రాసుకోండి. దాన్ని తీసెయ్యమనే హక్కు ఎవరికీ లేదు.

నాకు అసలు దిగులు మీ ఇంటి గురించే. ఆవిడ అన్న మాట అక్షరం పొల్లుపోకుండా రాశారు, మీరేమని అరిచారో మాత్రం రాయలేదు. ఆ పేరు ఎవరిదో ఆవిడకి మీరు చెప్పాలా? కన్నతల్లి. రాత్రిళ్లు మీరు పడుతున్న అవస్థ చూడలేక అన్న మాట అది. ఇవాళే ల్యాప్‌టాప్ మూసి, ఆవిడ దగ్గర కూర్చుని తప్పయిందని చెప్పండి. కొత్త పేరు ఇద్దరూ కలిసి వెతకండి. ఏది తోచినా అందరూ కోడ్ పెట్టే గిట్‌హబ్‌లోనూ ప్యాకేజీలు పెట్టే చోటా ముందే ఎవరైనా వాడుతున్నారేమో చూసుకోండి. ఇంకో వారానికీ నిద్ర కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.