వంద అలవాటయ్యాక ఇరవై ఎందుకు నచ్చదంటే

నమస్కారమండీ. లెక్కలు చేస్తే బాబుకి మొదట ఇరవై రూపాయలిచ్చేవారు, పరీక్షలప్పుడు వంద చేశారు, ఇప్పుడు మళ్ళీ ఇరవై అంటే పుస్తకం ముట్టడం లేదు, మొండికేస్తున్నాడా అని అడిగారు. మొండితనం కాదండీ. మెదడు బహుమతిని నోటు మీది అంకెతో కొలవదు, తాను ఎదురుచూసినదానితో పోల్చి కొలుస్తుంది.

1942లో క్రెస్పీ అనే ఆయన ఎలుకలతో చూశారు. ఎక్కువ మేతకు అలవాటుపడ్డవాటికి మేత తగ్గిస్తే, మొదటినుంచీ ఆ కొంచెమే తింటున్నవాటికన్నా నెమ్మదిగా పరిగెత్తాయట. రెండింటికీ మేత ఒకటే! తర్వాత వోల్‌ఫ్రామ్ షుల్ట్స్ అనే మెదడు శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను గమనించారు. అనుకోకుండా పళ్ళరసం చుక్క దొరికితే అవి చురుగ్గా స్పందించాయి. ముందే తెలిసిన రసానికి పెద్దగా కదల్లేదు. వస్తుందనుకున్నది రాకపోతే వాటి చురుకు మామూలుకన్నా కిందికి పడిపోయింది. మీవాడి లెక్కలో ఇరవై వచ్చినట్టు కాదు, ఎనభై పోయినట్టు. (బోనస్ తగ్గితే మనం చేసేదీ ఇదేగా!)

మళ్ళీ వంద ఇవ్వకండి, నాలుగు రోజుల్లో అదీ మామూలైపోతుంది. నేనైతే డబ్బు పూర్తిగా ఆపేస్తాను. కొన్నాళ్ళు అలుగుతాడు, టెన్షన్ పడకండి. లెక్కలు చేసిన ఏదో ఒక రోజు, ముందు చెప్పకుండా, తనకిష్టమైన చోటికి తీసుకెళ్ళండి. 1973లో లెప్పర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం బొమ్మలు గీసే చిన్నపిల్లలతో చేసిన ప్రయోగంలో, బహుమతి ఇస్తామని ముందే చెప్పినవాళ్ళకే తర్వాత ఆసక్తి తగ్గింది. చెప్పకుండా ఇచ్చినవాళ్ళకి తగ్గలేదు.