థర్మామీటర్‌లో అంకె ఒకటే అయినా నీడలో హాయిగా, ఎండలో భరించలేకుండా ఎందుకుంటుంది? సిటీ ప్లానింగ్‌లో దీన్ని ఎలా లెక్కిస్తారు?

థర్మామీటర్ కొలిచేది గాలి వేడిని మాత్రమే. మన ఒంటికి తెలిసేది గాలి వేడి, తేమ, గాలి వేగం, చుట్టూ నుంచి తగిలే రేడియేషన్ (ఎండ, సెగ), ఈ నాలుగూ కలిసి. ఎండాకాలం పగటిపూట అసలు తేడా తెచ్చేది రేడియేషనే. నెత్తిన ఎండే కాదు, కాలిన తారు రోడ్డు, సిమెంటు గోడ కూడా సెగ కొడతాయి. వేపచెట్టు కింద గాలి పెద్దగా చల్లబడకపోయినా ప్రాణం లేచొచ్చేది అందుకే.

ఎన్వి-మెట్ లాంటి సాఫ్ట్‌వేర్‌కి వీధి వెడల్పు, భవనాల ఎత్తు, చెట్లు, నేల రకం, ఆ రోజు వాతావరణం ఇస్తే ఏ గంటకు ఎక్కడ నీడ, ఎటు గాలి అన్నది లెక్కగడుతుంది. దాన్ని ఒంటికి ఎంత వేడిగా, చల్లగా అనిపిస్తుందో చెప్పే యూటీసీఐ అనే సూచీలోకి మారుస్తారు. అందులో 9 నుంచి 26 డిగ్రీలంటే ఒంటికి ఇబ్బంది లేనట్టు, 46 దాటితే ప్రమాదమే.

లండన్ నడిబొడ్డున ఉన్న వ్యాపార ప్రాంతం సిటీ ఆఫ్ లండన్ 2020లో ఈ సూచీతోనే కొత్త భవనాలకు మార్గదర్శకాలు తెచ్చింది. అక్కడ టవర్ల కింద సుడి తిరిగే చలిగాలి కూడా తలనొప్పే. మన ఊళ్లలో ముందు కావాల్సింది నీడ. అలాగని ఇరుకు సందులో చెట్లు మరీ గుబురుగా పెంచితే గాలి ఆడక ఉక్కపోత పెరుగుతుంది.